మా వెనక పోర్షన్‌లో నేవీ వాళ్ళు

మొన్న మావాడు సెలవు మీద ఇంటికొచ్చి కిట్ బ్యాగ్ హాల్లో పడేసి స్నానానికి వెళ్ళాడు. బట్టలు నానబెడదామని నేను జిప్ తీశానో లేదో డీజిలూ, పెయింటూ, కలరా ఉండలూ అన్నీ కలిసిన వాసన గుప్పుమంది. వాడు తువ్వాలుతో తల తుడుచుకుంటూ వచ్చి "ముట్టుకోకమ్మా, నేనే ఉతుక్కుంటా" అంటున్నాడు గానీ నేను లేవలేదు. వీడు నేవీలో చేరకముందు నుంచీ, అసలు వీడు పుట్టకముందు నుంచీ నాకు ఆ వాసన తెలుసు. విశాఖ మల్కాపురంలో మా వెనక పోర్షన్ దండెం మీద ఆరేసిన యూనిఫాం వాసనది.

నాన్న సింధియాలో షిప్‌యార్డ్ వెల్డర్. అప్పట్లో మా ఇంటికి గడియారంతో పనుండేది కాదు, సైరన్ కూస్తే నాన్న బయల్దేరేవాడు, ఇంకోసారి కూస్తే అమ్మ అన్నం వార్చేది, సాయంత్రం సైరన్‌కి గేటు తెరుచుకుని సైకిళ్ళు ఒకేసారి రోడ్డు మీద పడేవి, ఆ బెల్లుల మోత మా అరుగు దాకా వినిపించేది. గాలి ఇటు తిరిగితే కాల్టెక్స్ వాసన (ఇప్పటి హెచ్‌పీసీఎల్, పాతవాళ్ళు కొందరు ఇప్పటికీ కాల్టెక్స్ అనే అంటారు), అటు తిరిగితే ఎండుచేపల వాసన. పెంకుటిల్లు, ముందు మేము, వెనక ఒక గదీ వంటిల్లూ అద్దెకిచ్చేవాళ్ళం. నాన్న ఎప్పుడూ నేవీ వాళ్ళకే ఇచ్చేవాడు, ఒకటో తారీఖుకి అద్దె ఠంచనుగా వస్తుందని. దేశభక్తీ అదీ ఏం లేదు, నిజం చెప్పాలంటే అంతే.

1971లో వచ్చినవాళ్ళు మలయాళీలు. కొత్తగా పెళ్ళయిన జంట. ఆవిడని చేచ్చి (వాళ్ళ భాషలో అక్క) అని పిలవమని తనే నేర్పింది మాకు. ఆయన్ని నేవీ అన్నయ్య అనేవాళ్ళం, ఇంట్లో ఉండేదే తక్కువ, ఉన్నప్పుడు కూడా పెరట్లో బావి దగ్గర బూట్లు పాలిష్ చేసుకుంటూ ఈల వేసేవాడు.

చేచ్చి యూనిఫాం ఇస్త్రీ చేస్తుంటే చూడాలి. తెల్ల బట్టలు ముందు నీలిమందులో ముంచి, తర్వాత పల్చటి గంజి పెట్టి, నీడన ఆరేసేది. పూర్తిగా ఆరనిచ్చేది కాదు, కాస్త తడి ఉండగానే తీసేది. ఇత్తడి ఇస్త్రీపెట్టెలో బొగ్గులు వేసి, విసనకర్రతో విసిరి, అడుగున బూడిద అంటుకుందేమోనని ముందు పాత గుడ్డ మీద ఒకసారి లాగి చూసి అప్పుడు మొదలెట్టేది. ఆ నీలం కాలర్ ఉంటుంది చూశారూ, వీపు మీదకి నలుచదరంగా పడేది, దాని అంచున మూడు తెల్ల గీతలు. ఆ గీతలు ఎక్కడా వంకర పోకూడదు. చూపుడువేలు ముందు పెట్టి గీతని లాగుతూ వెనకాలే ఇస్త్రీపెట్టె కొసని నడిపేది, వేలు కాలుతుందేమోనని నేను ఊపిరి బిగబట్టి చూసేదాన్ని. అమ్మ నవ్వి, "ఓలమ్మో, మొగుడు యుద్ధానికెళ్తాడా పెళ్ళికెళ్తాడా" అనేది.

వెళ్ళింది యుద్ధానికే. కాకపోతే అది యుద్ధమని అప్పటికి మాకెవరికీ తెలీదు.

చలి మొదలయ్యే రోజులు. ఒకరోజు పొద్దున్నే మామూలుగా డ్యూటీకి వెళ్ళినట్టే సంచీ భుజాన వేసుకుని వెళ్ళాడు, సాయంత్రం రాలేదు, మర్నాడూ రాలేదు. చేచ్చి ఎవర్నీ అడగలేదు. ఏ ఓడలో పని చేస్తాడో కూడా మాకు చెప్పేవాళ్ళు కాదు, నాన్న కూడా అడగొద్దని మమ్మల్ని గట్టిగా హెచ్చరించాడు, షిప్‌యార్డ్ మనిషి కదా, ఆయనకి ఆ పద్ధతులు తెలుసు. ఆవిడకి అప్పటికి ఏడో నెలో ఎంతో.

తర్వాత బ్లాకౌట్ వచ్చింది. కిటికీ అద్దాలకి నల్ల కాగితం, కాగితం దొరకనివాళ్ళు గోనెసంచి. లారీల హెడ్‌లైట్లకి పైసగం నల్లరంగు. రాత్రి ఎవరింట్లో దీపం సందులోంచి కనపడినా వీధిలో కుర్రాళ్ళు "లైటార్పండి, లైటార్పండి" అని అరుచుకుంటూ తిరిగేవాళ్ళు, ఆ అరుపులకే సగం భయం వేసేది. బళ్ళో గ్రౌండులో కందకాలు తవ్వారు, వాటిల్లో మేం దొంగాపోలీసు ఆడాం. మా వీధిలో కొంతమంది మూటాముల్లే సర్దుకుని పల్లెలకి వెళ్ళిపోయారు. అమ్మమ్మ కూడా చోడవరం నుంచి మనిషిని పంపింది, పిల్లల్ని తీసుకుని వచ్చేయమని. అమ్మ రానంది. "కడుపుతో ఉన్న పిల్లని, బాస కూడా సరిగ్గా రాదు, ఒక్కదాన్నీ ఒగ్గేసి నానెలాగొస్తాను" అని ఆ మనిషికి కాఫీ ఇచ్చి వెనక్కి పంపేసింది. అమ్మ చదువుకోలేదు. నేవీ గురించి ఆవిడకి తెలిసిందల్లా అద్దె సరిగ్గా ఇస్తారని.

డిసెంబర్ 3 రాత్రి సంగతి విశాఖలో నా వయసు వాళ్ళు తలో రకంగా చెప్తారు. మాకైతే చేచ్చి గదిలో గడిచింది. ట్రాన్సిస్టర్ ఆవిడ దగ్గరే ఉండేది. సాయంత్రం పాకిస్తాన్ విమానాలు అటు పడమట మన ఎయిర్‌ఫీల్డుల మీద బాంబులేశాయనీ, ఇందిరాగాంధీ రేడియోలో మాట్లాడుతుందనీ తెలిసి ఇరుగుపొరుగు ఆడవాళ్ళందరూ ఆ చిన్నగదిలో చేరారు. కిటికీలు మూసి, లాంతరుకి కాగితం చుట్టి. నేను అమ్మ ఒళ్ళో సగం నిద్రలో ఉన్నా. అర్ధరాత్రి దాటాక ఆవిడ గొంతు వచ్చింది, మాకెవరికీ ఒక్క ముక్క అర్థం కాలేదు, చేచ్చే తన వచ్చీరాని తెలుగులో "యుద్ధం, యుద్ధం వచ్చింది అంటుంది" అని చెప్పింది. అదయిన కాసేపటికో ఏమో, నేల కదిలింది. ముందు నేలే కదిలింది, తర్వాత చప్పుడు. గూట్లో ఇత్తడి చెంబులు దొర్లి కింద పడ్డాయి, పెంకుల మీంచి మట్టి రాలింది. నాన్న బయటికి పరిగెత్తి "కాల్టెక్స్ పేలిపోయిందే" అన్నాడు. కానీ ఆ వైపు మంటల్లేవు. కుక్కలు మొరగడం కూడా మానేశాయి. చేచ్చి మాత్రం కిందపడ్డ చెంబులన్నీ ఒక్కోటే తీసి, కొంగుతో తుడిచి, మళ్ళీ గూట్లో సర్దింది.

తెల్లారాక పుకార్లే పుకార్లు. బీచ్ వైపు ఇళ్ళల్లో అద్దాలు పగిలాయన్నారు. జాలర్లకి నీళ్ళ మీద నూనె, చెక్కముక్కలు, ఎవరిదో లైఫ్ జాకెట్ దొరికాయన్నారు. అదంతా నిజమేనని తర్వాత తెలిసింది. విమానాల్ని మోసే మన పెద్ద యుద్ధనౌక విక్రాంత్‌ని ముంచడానికి కరాచీ నుంచి ఇంత దూరం వచ్చిన పాకిస్తాన్ గాజీ సబ్‌మెరైన్ మన హార్బర్ ముంగిట్లోనే మునిగిపోయింది. దాన్ని పాకిస్తాన్ అమెరికా దగ్గర తెచ్చుకుంది, అక్కడ ఉన్నప్పుడు దాని పేరు డయాబ్లో. లోపల ఉన్న 90 మందికి పైగా మనుషుల్లో ఒక్కరూ బతకలేదు. మన రాజ్‌పుత్ ఓడ వేసిన డెప్త్ చార్జీలకి (నీళ్ళలోపల పేలే బాంబులు) మునిగిందా, తను పెట్టడానికి తెచ్చుకున్న మైనే దాన్ని పేల్చిందా అని ఇప్పటికీ వాదించుకుంటూనే ఉంటారు.

ఆ సంగతి ప్రభుత్వం బయటపెట్టింది డిసెంబర్ 9న. మా వీధిలో బెల్లంముక్కలు పంచారు. అదే రోజు రాత్రి అరేబియా సముద్రంలో, డయ్యూ దగ్గర, మన ఖుక్రీ ఓడని పాకిస్తాన్ సబ్‌మెరైన్ ముంచేసింది. 18 మంది ఆఫీసర్లు, 176 మంది సెయిలర్లు పోయారు. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా ఓడతో పాటే వెళ్ళిపోయాడు.

ఖుక్రీ వార్త రేడియోలో తెలుగులో వచ్చింది. చేచ్చికి "ఓడ", "మునిగి" అన్న రెండు మాటలు మాత్రం అందాయి. పరిగెత్తుకుంటూ మా వంటింట్లోకి వచ్చి అమ్మ రెండు చేతులూ పట్టుకుని "పేరు? పేరు ఏమి చెప్పింది?" అని అడిగింది. అమ్మకి ఆ పేరు నోరు తిరగలేదు, "కుకిరీ, కుకిరీ" అంది. "ఖుక్రీయా? ఖుక్రీయేనా?" అని మళ్ళీ మళ్ళీ అడిగి, నాన్నని కూడా అడిగి, అవునని రూఢి చేసుకున్నాక గోడకి ఆనుకుని నెమ్మదిగా కిందకి జారి కూర్చుంది. "దేవుడా" అని పెద్ద ఊపిరి వదిలింది. ఆ మరుక్షణమే రెండు చెంపలూ టపటపా వేసుకుంది. ఏడ్చింది తర్వాత. ఎందుకు చెంపలేసుకుందో నాకప్పుడు తెలీలేదు, గుళ్ళో తప్పు చేస్తే కదా వేసుకుంటారు, ఇదేంటి అనుకున్నా.

యుద్ధం 16న అయిపోయింది. అన్నయ్య మాత్రం సంక్రాంతి ముగ్గులు వేసుకునే రోజుల్లో వచ్చాడు, చిక్కిపోయి, మెడ దగ్గర నల్లగా కమిలిపోయి. వచ్చి రెండ్రోజులు అలా పడుకునే ఉన్నాడు. మేం గుమ్మం దగ్గర నిలబడి చూసేవాళ్ళం. ఎక్కడికెళ్ళావని మా తమ్ముడు ఒక్కడే అడిగాడు, "సముద్రం మీదకి" అన్నాడు, అంతకు మించి ఒక్క మాట రాలేదు. బాబు నేవీ వాళ్ళ కల్యాణి హాస్పిటల్లో పుట్టాడు, అదీ మాకు దగ్గరే. అమ్మే వెళ్ళి కూర్చుంది, కాయం కూడా చేసి పెట్టింది, చేచ్చి ముక్కు మూసుకుని తినేది. ఆ తర్వాత కొచ్చిన్‌కి ట్రాన్స్‌ఫర్. ఓ నాలుగైదేళ్ళు న్యూ ఇయర్ గ్రీటింగులు వచ్చాయి, తర్వాత ఆగిపోయాయి. ఆ పోర్షన్‌లోకి ఇంకో నేవీ వాళ్ళు వచ్చారు.

మావాడు ఇంటర్ అయ్యాక నాతో చెప్పకుండా అప్లికేషన్ పెట్టాడు. మెడికల్ అయ్యాక చెప్పాడు. వాళ్ళ నాన్న సంతోషించారు, నేను అన్నం తినలేదు. అదో కథ, ఇప్పుడొద్దు. ఒడిశాలో చిలికా దగ్గర నేవీ ట్రైనింగ్ అయ్యాక పరేడ్ చూడ్డానికి బలుగావ్ స్టేషన్లో దిగి వెళ్ళాం, తెల్ల బట్టల్లో అన్ని వందల మంది ఒక్కలాగే ఉన్నారు, మావాడెక్కడో ఆఖరి దాకా కనిపెట్టలేకపోయాను. ఈయన మాత్రం "అదిగో మనవాడు" అని ఎవర్నో చూపించి ఫొటోలు తీస్తూనే ఉన్నారు. ప్రింటు వేయించి చూస్తే ఎవరో సర్దార్జీ కుర్రాడు.

వాడు బొంబాయిలో ఉండగా 2013 ఆగస్టులో, పంద్రాగస్టుకి ముందురోజు, పొద్దున్నే టీవీ పెడితే డాక్‌యార్డ్‌లో మంటలు. సబ్‌మెరైన్ అన్నారు. మావాడిది సబ్‌మెరైన్ కాదు, నాకు తెలుసు. తెలిసినా కూడా ఫోన్ చేస్తూనే ఉన్నా, కలవట్లేదు. కింద స్క్రోలింగ్‌లో సింధురక్షక్ అని పేరు పడింది. వాడి ఓడ పేరు కాదు. హమ్మయ్య అన్నాను, పైకే అన్నాను, పక్కన ఈయన కూడా విన్నారు. ఆ వెంటనే నా చేతులు వాటంతటవే చెంపల మీదకి వెళ్ళాయి. అందులో ఉన్న 18 మందీ పోయారు, మన విశాఖ పిల్లలు కూడా ఉన్నారు వాళ్ళలో. టీవీ వాళ్ళు ఆ ఇళ్ళ ముందు మైకులు పట్టుకుని నిలబడితే ఆ తల్లుల మొహాలు చూడలేక కట్టేశాను. వంటింట్లో గోడకి ఆనుకుని కూర్చున్న చేచ్చి ఎందుకలా చేసిందో నాకు అర్థమైంది ఆ రోజే.

వైజాగ్‌కి పోస్టింగ్ వచ్చాక ఓ సెలవురోజు నన్ను బీచ్ రోడ్డుకి తీసుకెళ్ళాడు, మ్యూజియం చేసిన కురుసుర సబ్‌మెరైన్ లోపలికి. ఎన్నేళ్ళుగా ఇక్కడే ఉన్నా ఎప్పుడూ ఎక్కలేదు. 1969లో నేవీలో చేరి, 2001లో రిటైరై, ఆ మరుసటేడు ఇసుకలోకి లాక్కొచ్చి పెట్టారు దాన్ని. మోకాళ్ళ నొప్పులతో ఆ గుండ్రటి గుమ్మాలు దాటడానికి నానా తంటాలు పడ్డాను. ఒకళ్ళ కాళ్ళ మీద ఇంకొకళ్ళ తల పెట్టుకునే పడకలు. మా ముందు ఓ కుటుంబం ప్రతి పరుపు దగ్గరా ఆగి సెల్ఫీ దిగుతోంది, వెనకవాళ్ళు కదలండి కదలండి అని అరుస్తున్నారు, నాకైతే తిట్టాలనిపించింది గానీ పోనీలే, టికెట్ కొనుక్కుని వచ్చారు.

బయటికొచ్చి ముంతమసాలా తింటూ రాజ్‌పుత్ కథ చెప్పాడు మావాడు. 1971లో విక్రాంత్‌ని చడీచప్పుడు లేకుండా అండమాన్ వైపు పంపేశారట. ఇక్కడ ఈస్టర్న్ నేవల్ కమాండ్‌కి వైస్ అడ్మిరల్ కృష్ణన్ అధిపతి, విక్రాంత్ ఇక్కడే ఉందని శత్రువుని నమ్మించడానికి ఆయన రాజ్‌పుత్‌ని సముద్రంలోకి పంపి, పెద్ద ఓడ మాట్లాడుతున్నట్టు వైర్‌లెస్ మెసేజీలు ఎక్కువెక్కువ పంపించాడట. రాజ్‌పుత్ రెండో ప్రపంచయుద్ధం నాటి ముసలి ఓడ. ఇంకోటి, విక్రాంత్‌లో ఉన్న అంతమందికీ అన్నట్టు మాంసం, కూరగాయలు బండ్లకొద్దీ కాంట్రాక్టర్లకి ఆర్డరిచ్చారట, ఆ మాట గూఢచారుల చెవిన పడాలని. అమ్మ బతికుంటే ఇది చెప్పి నవ్వించేదాన్ని, ఆ రోజుల్లో ఖాళీ సంచీతో మార్కెట్ నుంచి వచ్చినప్పుడల్లా నాన్న మీద విరుచుకుపడేది.

"ఎరగా పంపుతున్నామని రాజ్‌పుత్‌లో కుర్రాళ్ళకి చెప్పారా మరి?" అన్నాను.

వాడు పకపకా నవ్వాడు. "మధ్యాహ్నం మెస్‌లో ఏం కూరో కూడా చెప్పరమ్మా మాకు."

వాడు నవ్వాడు గానీ నాకు నవ్వు రాలేదు. ఎరకి కట్టిన ఆ ముసలి ఓడలో బాయిలర్ల దగ్గర బొబ్బలెక్కిన చేతులతో ఎవరెవరి పిల్లలున్నారో. ఎవరో ఒకరి భార్య ఇక్కడే ఏ గాంధీగ్రామ్‌లోనో, శ్రీహరిపురంలోనో అద్దెగదిలో చెంబులు సర్దుకుంటూ ఉండి ఉంటుంది. గాజీని ఎవరు ముంచారన్నది వాళ్ళూ వాళ్ళూ తేల్చుకోనీ, నా దండం మాత్రం ఆ పిల్లలకి. ఆ రాత్రి నేను అమ్మ ఒళ్ళో నిద్రపోతున్నాను కదా మరి.

2020లో కరోనా తలుపులన్నీ మూయించినప్పుడు మావాడు జలాశ్వ ఓడలో ఉన్నాడు. అందరూ ఇంట్లో ఉండండి అని మోగిపోతుంటే వీళ్ళు మాల్దీవులకి బయల్దేరారు, అక్కడ చిక్కుకుపోయిన మనవాళ్ళని తేవడానికి. మాలే నుంచి మొదటి ట్రిప్పులో 698 మందిని కొచ్చికి చేర్చారు, గర్భిణులూ చంటిపిల్లలూ కూడా ఉన్నారు అందులో. సముద్రంలో ఉన్నన్నాళ్ళూ వాట్సాప్‌లో ఒక్క టిక్కే. పొద్దున లేవగానే ఫోన్, రాత్రి పడుకునే ముందు ఫోన్, ఆ రెండో టిక్కు పడిందా లేదా అని. చేచ్చికి అదీ లేదు, ఆవిడకున్నదల్లా ఫ్లీట్ మెయిల్ ఆఫీస్ అడ్రస్ రాసిన ఇన్‌లాండ్ కవర్లు. మా కాలనీలో ఒకావిడ మేడ మీంచి కేకేసి "మీవాడు వస్తే కరోనా తెస్తాడేమో, కొన్నాళ్ళు రావద్దనండి" అంది. అదే ఏడు మన నేవల్ డాక్‌యార్డ్ వాళ్ళు ఒక్క సిలిండర్ నుంచి ఆరుగురికి ఆక్సిజన్ అందేలా పైపుల అమరిక తయారుచేసి ఇచ్చారు. మరుసటి ఏడాది మేలో సింగపూర్ నుంచి ఐరావత్ ఓడ ఆక్సిజన్ ట్యాంకులు, సిలిండర్లు మోసుకుని ఇక్కడికే వచ్చింది. అప్పటికి మేడమీదావిడ భర్త హాస్పిటల్లో ఉన్నాడు. తిరిగొచ్చాడు, బాగున్నాడు. నేనేం అనలేదు, పచ్చడి పంపాను.

పోయిన నేవీ డే నాడు సాయంత్రం జనంలో తోసుకోవడం నావల్ల కాదని పొద్దున్నే వెళ్ళాను, బీచ్ రోడ్డులో 1971 యుద్ధ స్మారకం విక్టరీ ఎట్ సీ దగ్గరికి. పూలగుచ్ఛాలు పెట్టి పెద్దవాళ్ళు వెళ్ళిపోయాక కూడా ఒకాయన బెంచీ మీద కూర్చుని ఉన్నాడు, కోటుకి మెడల్స్, కాళ్ళకి హవాయి చెప్పులు. పక్కన ఫ్లాస్కు పట్టుకుని కోడలనుకుంటా. వెళ్ళి నమస్కారం పెట్టాను. టెక్కలి దగ్గర ఊరట ఆయనది, మాట వినగానే తెలిసిపోయింది.

"మీరు డెబ్భై ఒకటిలో ఇక్కడే ఉన్నారా బాబూ? రాజ్‌పుత్‌లోనా?"

"రాజ్‌పుత్తూ లేదు ఏటీ లేదు తల్లీ" అన్నాడు. "నాను స్టోర్సు. ఉల్లిపాయలు లెక్కెట్టీవోడిని. లారీల మీద లారీలు వొచ్చీవి, దించీవోళ్ళం, ఏ ఓడకీ అని అడిగితే నోర్ముయ్ అనీవోరు. బంగాళదుంపలు కుళ్ళిపోయి కంపు, ఆ కంపుకి వారం అన్నం తిన్లేదు."

ఆ బంగాళదుంపలకే థాంక్స్ అన్నాను. ఆయనకి అర్థం కాలేదు, నేను మావాడి సంగతి, మా మల్కాపురం సంగతి, అమ్మ ఖాళీ సంచీ సంగతి గబగబా చెప్పేశాను. అంతా విని, ఫ్లాస్కులోంచి నాకూ ఓ కప్పు టీ పోయించి, "మీవోడిది ఏ బ్రాంచి?" అన్నాడు.

"ఇంజిన్ రూమ్ బాబూ."

"ఐతే చెవులు జాగర్త అని చెప్పమ్మా, ఆ మోతకి ఈళ్ళకి ముందు చెవులే పోతాయి" అని, కోడలి వైపు తిరిగి, ఇంకా పెళ్ళి కాలేదేమో కనుక్కో అన్నాడు.